చెరువు గట్టు మీద తెరిచే పేజీ: వెబ్ ఇంటర్‌ఫేస్ డిజైన్ ఎలా చేయాలి

రొయ్యలు కొనే ఒక వ్యాపారికి మొదటిసారి రేట్ల పేజీ చేసిచ్చాను. నా గదిలో, పెద్ద మానిటర్ మీద అది ముత్యంలా ఉంది. తెల్లటి వెనకరంగు, సన్నటి లేత బూడిద అక్షరాలు, చుట్టూ బోలెడంత ఖాళీ. వారం తిరక్కుండా ఉండి అనే ఊరి దగ్గర ఒక చెరువు గట్టు మీద అదే పేజీని ఒక రైతు తెరవడం కళ్ళారా చూశాను. పొద్దున్న పదకొండయింది. ఎండ నీళ్ళ మీద పడి మొహంలోకి కొడుతోంది. ఆయన ఫోన్ ఇటు తిప్పారు, అటు తిప్పారు, భుజం మీది తువ్వాలు తీసి ఫోన్‌కి గొడుగులా పట్టారు. ఆఖరికి పేజీ మూసేసి ఆ వ్యాపారికే ఫోన్ కలిపారు: "ముప్ఫై కౌంట్ ఎంతండీ ఇవాళ?"

నా పేజీ ఉన్నది ఆ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పడానికే!

ఆ తర్వాత భీమవరం, పాలకొల్లు, రావులపాలెం చుట్టుపక్కల చిన్న చిన్న వ్యాపారాలకి పేజీలు చేస్తూ, చేసినవి మళ్ళీ విప్పి కుడుతూ నేర్చుకున్న వరస ఇది. మీరు మొదటి సైట్ చేస్తున్నా, పాతదాన్ని బాగుచేస్తున్నా ఇదే వరసలో వెళ్ళండి. కోడ్ గురించి అవసరమైనంతే చెబుతాను.

1. గట్టెక్కాలంటే ముందు గట్టు మీదకెళ్ళండి

పేజీ వాడబోయేవాళ్ళ దగ్గరికెళ్ళి ఒక గంట కూర్చోండి. "ఎలా ఉంటే బాగుంటుందండీ?" అని అడగొద్దు. అడిగితే మొహమాటానికి "బాగానే ఉందండి" అంటారు, మా గోదావరి వాళ్ళు మరీను. ఊరికే చూడండి. ఏ ఫోనుంది, ఏ చేత్తో పట్టుకున్నారు, రెండో చేతిలో ఏముంది, నీడలో ఉన్నారా ఎండలోనా, ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసి పెట్టుకున్నారా, నోట ఏ మాట వస్తోంది. ఇవన్నీ రాసుకోండి.

ఇంటికొచ్చాక ఒకే ఒక్క వాక్యం రాయండి. నా రెండో ప్రయత్నంలో నేను రాసుకున్నది ఇది: "రొయ్యల పట్టుబడికి ముందురోజు, చెరువు గట్టు మీద, తడిచేత్తో ఫోన్ పట్టుకున్న రైతు తన కౌంట్‌కి ఇవాళ్టి రేటు పది సెకన్లలో చూసుకోవాలి." దీన్ని గోడకి అంటించుకోండి. పేజీలో ఏది పెట్టాలన్నా, ఏది తీసెయ్యాలన్నా ఆ వాక్యాన్నే అడగండి. వ్యాపారి గారి ఫొటో పైన పెద్దదిగా పెట్టాలా అన్న తగువు కూడా అక్కడే తేలిపోతుంది.

మాటల సంగతి దగ్గర కాస్త ఆగాలి. రొయ్యల్లో కౌంట్ అంటే కిలోకి ఎన్ని తూగుతాయన్న లెక్క. 30 కౌంట్ అంటే కిలోకి ముప్ఫై, అంటే పెద్ద రొయ్య, మంచి రేటు. 100 కౌంట్ అంటే చిన్న రొయ్య. అంకె పెరిగేకొద్దీ రేటు తగ్గుతుంది. ఇది బుర్రకెక్కక నేను మొదటి పేజీలో పెద్ద అంకె పైన ఉండాలని 100ని తలకట్టున పెట్టి, 30ని అడుక్కి తోసేశాను. పైగా ఆ కాలమ్‌కి "సైజు" అని పేరు. ఈ పేజీ చేసినవాడికి రొయ్య తెలియదని చూసిన ప్రతివాళ్ళకీ ఒక్క చూపులో అర్థమైపోయి ఉంటుంది.

ఇంటర్‌ఫేస్‌లని తూచడానికి జేకబ్ నీల్సన్ 1994లో ఇచ్చిన పది సూత్రాల్లో రెండోది సరిగ్గా ఇదే: పేజీ మాట్లాడే భాష వాడేవాళ్ళ లోకంలోని భాష అయి ఉండాలి, సరుకు వాళ్ళకి అలవాటైన వరసలో కనిపించాలి. వరి రైతు బస్తాల్లో ఆలోచిస్తారు. మా వైపు ధాన్యం బస్తా 75 కిలోలు. ఫారం క్వింటాళ్ళు అడిగిందనుకోండి, 40 బస్తాలు ఎన్ని క్వింటాళ్ళో పాపం ఆయన నిలబడి లెక్క కట్టుకోవాలి. కంప్యూటర్ ఉన్నదెందుకు? బస్తాలు అడగండి, పక్కనే "30 క్వింటాళ్ళు" అని మీరే చూపించండి. కోనసీమ కొబ్బరి అయితే వెయ్యి కాయలకి ఇంత అని రాయండి. ఒక్క కాయ రేటు రాసిపెడితే అంబాజీపేటలో ఎవరూ తలెత్తి చూడరు.

2. కాగితం మీద, ఫోనంత గడిలో

డిజైన్లు గీసే ఫిగ్మా సాఫ్ట్‌వేర్ తెరవడానికి అప్పుడే తొందరొద్దు. పాత పెళ్ళికార్డు ఒకటి తీసుకుని, వెనకవైపు ఫోన్ బోర్లించి చుట్టూ పెన్సిల్‌తో గీయండి. అదే మీ స్క్రీన్. అందులో పట్టనిది పేజీలోనూ పట్టదు. ఒకే పేజీ ఏ తెరకైనా సర్దుకునే పద్ధతికి ఈథన్ మార్కాట్ 2010లో రెస్పాన్సివ్ డిజైన్ అని పేరు పెట్టారు. అప్పట్నుంచి అందరిదీ అదే దారి. అయితే పెద్ద తెరకి గీసి చిన్నదానికి కుదిస్తే ఇరుకు ఇంట్లో బీరువా సర్దినట్టు ఉంటుంది. ముందు ఫోన్‌కి గీసి, తర్వాత కంప్యూటర్‌కి పెంచండి.

ఆత్రేయపురం పూతరేకులకి ఆర్డర్ తీసుకునే పేజీ అనుకుందాం. 2023లో వాటికి జీఐ (ఊరి పేరుతో పేరుపడ్డ సరుకుకిచ్చే) గుర్తింపు వచ్చింది కాబట్టి ఆ ముచ్చట పైనే ఉండాలని యజమాని పట్టుబడతారు. ఉండనివ్వండి, ఒక్క వరసలో. దాని కిందే రకాలు: పంచదారవి, బెల్లంవి, డ్రైఫ్రూట్‌వి. ఒక్కోదానికి ఫొటో, పెట్టెకి ఎన్ని, రేటు, ఎన్ని పెట్టెలో పెంచుకునే గుర్తు. అడుగున ఒకే ఒక్క పెద్ద బటన్. తెర మొత్తంలో ముదురు రంగు ఆ బటన్‌కే ఉండాలి. మూడు బటన్లకి మూడు రంగులేస్తే ఏదీ ముఖ్యం కాకుండా పోతుంది. ఎంపికలు పెరిగేకొద్దీ తేల్చుకోవడానికి పట్టే సమయం పెరుగుతుందని విలియం హిక్ 1952లోనే కొలిచి చూపించారు. పద్దెనిమిది రకాల స్వీట్లున్న కొట్టయితే ఎక్కువ అమ్ముడయ్యే నాలుగైదు పైన పెట్టి మిగతావి "ఇంకా ఉన్నాయి" కింద దాచండి.

వాటంతటవే జరిగిపోయే బ్యానర్లు మాత్రం వద్దు. చదివేలోపు జారిపోతుంది, నొక్కబోయేలోపు ఇంకోటి వచ్చి కూర్చుంటుంది. యజమానులకి అవంటే ఎందుకంత మోజో నాకిప్పటికీ అర్థం కాదు. మూడు అడ్డగీతల గుర్తు కూడా అందరికీ తెలుసనుకోకండి, దాని పక్కన "మెనూ" అని రాస్తే పోయేదేముంది?

3. తెలుగు అక్షరానికి చోటివ్వండి

డిజైన్ పాఠాలన్నీ ఇంగ్లీషు అక్షరాన్ని మనసులో పెట్టుకుని రాసినవే. మనం ఎక్కువ చెడగొట్టేదీ ఇక్కడే. కాబట్టి ఈ మెట్టు మీద కాస్త ఎక్కువసేపు కూర్చుందాం.

ముందు వరసల మధ్య ఎడం. ఇంగ్లీషు టెంప్లేట్లలో అది అక్షరం సైజుకి 1.2 నుంచి 1.5 రెట్ల దాకా ఉంటుంది. మనకి పైన గుడి, కింద వత్తు, దాని కింద ఇంకో వత్తు. పై వరసలో "స్త్రీ" రాసి సరిగ్గా దాని కింద "కీర్తి" వచ్చేలా పెట్టి చూడండి. పైదాని క్రావడి కిందిదాని గుడిదీర్ఘాన్ని గుద్దుకుంటుంటే ఎడం చాలలేదన్నమాట. నేను 1.7తో మొదలుపెట్టి ఫాంట్‌ని బట్టి అటూఇటూ జరుపుతాను. అక్షరం సైజు 16 పిక్సెళ్ళకి తగ్గొద్దు. తెలుగుకి 18 ఇస్తే పెద్దవాళ్ళు కళ్ళజోడు వెతుక్కోరు. బటన్ల ఎత్తు కూడా చూసుకోండి. ఇంగ్లీషు కొలతకి చేసిన బటన్‌లో వత్తుల కాళ్ళు తెగిపోతుంటాయి.

ఫాంట్ ఒకటి, మహా అయితే రెండు. చదివే పాఠానికి నోటో సాన్స్ తెలుగు గానీ మండలి గానీ హాయిగా ఉంటాయి. లావుపాటి శీర్షికకి రామభద్ర. ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. అక్షరాల మధ్య ఎడం పెంచే సెట్టింగ్ ఉంటుంది, దాన్ని సున్నా దగ్గరే వదిలెయ్యండి. ఇంగ్లీషు శీర్షికలకి అది అందం, తెలుగు మాట మాత్రం పళ్ళూడినట్టు కనిపిస్తుంది. ఇక ఫొటోషాప్‌లో తెలుగు రాసి బొమ్మగా పెట్టడం ఫ్లెక్సీ బోర్డు అలవాటు. ఆ అక్షరాలు వెతికితే దొరకవు, పెద్దవి చేస్తే మసకబారతాయి, చూపులేనివాళ్ళకి చదివిపెట్టే టాక్‌బ్యాక్‌కి అక్కడేముందో తెలియదు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. "స్త్రీ" కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్లు అక్షరాలని గుర్తుపెట్టుకునే పద్ధతయిన యూనికోడ్‌లో ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. "వెంకట సత్యనారాయణమూర్తి" అనే పేరు కంటికి 11 అక్షరాలు, బ్రౌజర్‌కి మధ్యలోని ఖాళీతో కలిపి 22. మీరు పేరు గడికి 20 అని హద్దు పెట్టారనుకోండి, ఆయన "వెంకట సత్యనారాయణమూర్" దగ్గర ఆగిపోతారు. ఎన్నిసార్లు కొట్టినా అంతే. తప్పు తనదే అనుకుని ఫోన్ పక్కన పెట్టేస్తారు. పేర్ల గడికి హద్దు పెట్టాల్సే వస్తే వందకి తగ్గకుండా పెట్టండి. ఆర్డర్ అందిందని పంపే ఎస్సెమ్మెస్‌దీ ఇదే తంతు. ఇంగ్లీషులో ఒక మెసేజ్‌కి 160 అక్షరాలు పడితే తెలుగులో మామూలుగా 70 దాకానే, అదీ ఈ కంప్యూటర్ లెక్కలో. కాబట్టి అందులో నమస్కారాలూ ధన్యవాదాలూ మానేసి ఆర్డర్ నంబరు, ఎప్పుడొస్తుంది, ఎంతివ్వాలి, ఈ మూడే రాయండి.

బటన్ మీద మాట. చాలా సైట్లలో "సమర్పించు" అని ఉంటుంది. అంతర్వేది నరసింహస్వామికి సమర్పిస్తాం గానీ, పూతరేకుల కొట్టుకి సమర్పించడమేమిటండీ? నొక్కితే ఏం జరుగుతుందో అదే రాయండి: "ఆర్డర్ పెట్టండి", "రేటు చూడండి", "డబ్బులు కట్టండి". లాగిన్, ఓటీపీ, పాస్‌వర్డ్ అన్న మాటల్ని కదపొద్దు, అవి తెలుగైపోయాయి. ప్రమాదం ఎక్కువ ఉండేది రద్దు దగ్గర. "ఈ ఆర్డర్ రద్దు చేయాలా?" అని అడిగి కింద "సరే", "రద్దు" అని రెండు బటన్లు పెడితే, ఏది నొక్కితే ఆర్డర్ పోతుందో చేసినవాడికే అనుమానం. "ఆర్డర్ తీసేయండి", "ఆర్డర్ ఉంచండి" అని రాస్తే గొడవ లేదు.

మర్యాద కూడా డిజైన్‌లో భాగమే. "ఎంచుకో", "నమోదు చేయి" అని పేజీ ఏకవచనంలో అరుస్తుంటే మా వైపు పెద్దవాళ్ళు ఒక్క క్షణం ఆగి, ఎవడ్రా వీడు అన్నట్టు చూస్తారు. "అండి" లేకుండా కాఫీ కూడా అడగని ప్రాంతం ఇది. "ఎంచుకోండి", "రాయండి" అని పెట్టడానికి ఇంకో అంగుళం చోటు పడుతుంది, పట్టనివ్వండి.

అంకెలు 1, 2, 3 అనే రాయండి, తెలుగు అంకెలు చదివేవాళ్ళు ఇప్పుడు తక్కువ. లక్షా పాతికవేలని 1,25,000 అని మన కామాలతో చూపించండి, 125,000 అని కాదు. తేదీని 5/6 అని వదిలేస్తే జూన్ ఐదో, మే ఆరో తెలియదు, "5 జూన్" అని రాస్తే ఎవరికీ సందేహం రాదు. పేజీ తెలుగులో ఉందని హెచ్‌టీఎంఎల్ మొదటి వరసలో లాంగ్ దగ్గర (lang="te") చెప్పడం మరిచిపోకండి. చదివిపెట్టే సాఫ్ట్‌వేర్ ఏ గొంతుతో చదవాలో దాన్నిబట్టే తేల్చుకుంటుంది.

4. రంగు, వెలుగు

నా బూడిద అక్షరాల కథకి వద్దాం. అక్షరం రంగుకీ వెనకరంగుకీ మధ్య తేడాని నిష్పత్తిగా కొలుస్తారు. వెబ్ అందరికీ అందాలని పెట్టిన డబ్ల్యూసీఏజీ ప్రమాణాల ప్రకారం మామూలు సైజు పాఠానికి అది కనీసం 4.5కి 1 ఉండాలి, పెద్ద అక్షరాలకి 3కి 1 చాలు. నేను వాడింది రంగు కోడ్‌లో తొమ్మిదిని ఆరుసార్లు వేస్తే వచ్చే బూడిద. తెలుపు మీద దాని నిష్పత్తి 2.85. నీడలోనే ఫెయిల్, ఇక ఎండలో చెప్పేదేముంది! రంగు కోడ్ 767676కి దింపితే 4.54 వచ్చి గట్టెక్కుతుంది. నేనైతే ఇప్పుడు దాదాపు నలుపే వాడతాను. క్రోమ్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి రంగు గడి మీద నొక్కితే ఈ అంకె అదే చూపిస్తుంది. ఊహించక్కర్లేదు.

రంగుతో ఒక్కదానితోనే ఏదీ చెప్పకండి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. లంక గ్రామాల్లో ఈ అంకెలు పిల్లలకి కూడా కంఠతా వచ్చు. వరద సమాచారం పేజీ చేస్తూ పసుపు, నారింజ, ఎరుపు చుక్కలు పెట్టి ఊరుకుంటే, ఎరుపూ ఆకుపచ్చా తేడా పట్టలేనివాళ్ళకి ఏం తెలుస్తుంది? రంగు చూడగలిగినవాళ్ళకి మాత్రం, నారింజ అంటే రెండోదా మూడోదా? "రెండో ప్రమాద హెచ్చరిక. 13.4 లక్షల క్యూసెక్కులు. ఇవాళ సాయంత్రం 4 గంటల లెక్క" అని రాసి, దానికి తోడుగా రంగు వెయ్యండి. ఆ చివరి ముక్క, ఎప్పటి లెక్క అన్నది, లేకపోతే మిగతాదంతా పుకారుతో సమానం. రొయ్యల రేటుకీ అంతే. నిన్నటి రేటు ఇవాళ చూసి వల దింపితే ఆ నష్టానికి మీ పేజీయే జవాబుదారీ.

5. వేలికి అందాలి

1954లో పాల్ ఫిట్స్ చెప్పిన సూత్రం చాలా సాదా: గురి ఎంత చిన్నదైతే, ఎంత దూరంగా ఉంటే, అంత ఆలస్యం. 2023లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 నొక్కే చోటు కనీసం 24 పిక్సెళ్ళు ఉండాలంటుంది. ఆపిల్ 44 అంటుంది, ఆండ్రాయిడ్ 48 అంటుంది. మేత చల్లి వచ్చిన చేతికి నేను 48కి తక్కువ ఇవ్వను. పక్కపక్కనే ఉన్న రెండు బటన్ల మధ్య వేలంత సందు ఉంచండి. ముఖ్యమైన బటన్ బొటనవేలికి అందేలా తెర అడుగు భాగంలో. తీసేసే బటన్ మాత్రం దానికి దూరంగా, చిన్నగా.

6. ఫారం: జనం వెనక్కి తిరిగిపోయేది ఇక్కడే

వీలైనన్ని గడులు తీసెయ్యండి. పూతరేకులకి పుట్టినరోజు తేదీ ఎందుకు? మిగిలినవాటిని ఒకే నిలువు వరసలో పెట్టండి. గడి పేరు గడి పైన ఉండాలి. గడి లోపలే లేతగా రాసి, టైపు చేయగానే మాయమయ్యే పద్ధతి చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది గానీ, మధ్యలో ఫోన్ వచ్చి మాట్లాడి తిరిగొచ్చేసరికి ఏ గడిలో ఏం రాస్తున్నామో గుర్తుండదు.

పేరుకి రెండు గడులు వద్దేవద్దు. మనకి ఇంటిపేరు ముందొస్తుంది. "ఫస్ట్ నేమ్" అంటే మొదట వచ్చేది కదా అని ఇంటిపేరు రాస్తారు, ఇక ఆ సైట్ జీవితాంతం ఆయన్ని ఇంటిపేరుతోనే పలకరిస్తుంది. "పూర్తి పేరు" అని ఒక్క గడి చాలు. అడ్రస్‌కి పెద్ద గడి ఇచ్చి, కింద "గుర్తు: రామాలయం ఎదురుగా, కాలవ గట్టు లాంటివి" అని చిన్న సాయం రాయండి. పార్సిల్ తెచ్చే కుర్రాడు వెతికేది డోర్ నంబర్‌ని కాదు, ఆ రామాలయాన్నే.

ఫోన్ నంబర్ గడి నొక్కితే అంకెల కీబోర్డే రావాలి. ఇన్‌పుట్ టైపుని టెల్ (tel) అనిపెడితే సరి. పిన్‌కోడ్‌కి, ఓటీపీకి ఇన్‌పుట్‌మోడ్‌ని న్యూమెరిక్ చేయండి. ఇలాంటి గడుల్లో అక్షరం 16 పిక్సెళ్ళకి తగ్గితే ఐఫోన్ పేజీ మొత్తాన్నీ జూమ్ చేసేస్తుంది. అదో చిరాకు.

తప్పు చెప్పే తీరుకి ఒక ఉదాహరణ. బ్యాంకు ఐఎఫ్ఎస్సీ కోడ్‌లో 11 గుర్తులుంటాయి. మొదటి నాలుగు అక్షరాలు, ఐదోది ఎప్పుడూ సున్నా. చాలామంది ఆ సున్నా చోట ఇంగ్లీషు "ఓ" కొడతారు, చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి మరి. "చెల్లని ఇన్‌పుట్" అని పైన ఎర్రగా చూపిస్తే పాసు పుస్తకం పదిసార్లు చూసుకుని, ఉన్నదే కొట్టానంటారు. రెండు దారులున్నాయి. ఒకటి, గడి కిందే "ఐదో గుర్తు సున్నా ఉండాలి, మీరు ఓ అక్షరం కొట్టారు" అని చెప్పడం. రెండోది, ఐదో చోట ఓ కనబడితే చెప్పి మీరే సున్నాగా మార్చడం. నేను రెండోదే చేస్తాను. ఫోన్ నంబర్ మధ్యలో ఖాళీలున్నా, ముందు 91 ఉన్నా తిట్టకుండా తీసుకుని లోపల సర్దుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, ఒక గడిలో తప్పుందని మిగతా గడులు ఖాళీ చేయకండి. రెండోసారి మొత్తం నింపే ఓపిక ఎవరికీ ఉండదు.

7. పంటు మీద నెట్

సఖినేటిపల్లి రేవులో పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కి నర్సాపురం వస్తూ, నడి గోదావరిలో ఒకావిడ నేను చేసిన పేజీలోనే ఆర్డర్ పెట్టారు. బటన్ నొక్కారు, ఏమీ కదల్లేదు. మళ్ళీ నొక్కారు. ఒడ్డుకొచ్చేసరికి రెండు ఆర్డర్లు వెళ్ళాయి, డబ్బులు రెండుసార్లు కట్ అయ్యాయి. కొట్టువాళ్ళు మంచివాళ్ళు కాబట్టి తిరిగిచ్చారు. తప్పు మాత్రం నాదే.

నొక్కిన 0.1 సెకనులోపు ఏదో ఒకటి కదిలితే తను చేసిందే జరిగిందని మనిషికి అనిపిస్తుంది. 1 సెకను దాటితే ఆలోచన తెగుతుంది. 10 సెకన్లు దాటితే మనసు వేరే చోటికి పోతుంది. నీల్సన్ చెప్పిన ఈ మూడు హద్దులూ ఇప్పటికీ పనికొస్తాయి. కాబట్టి నొక్కగానే బటన్ రంగు మారాలి, దాని మీద "పంపుతున్నాం…" అని రావాలి, రెండో నొక్కు పడకూడదు. అది చాలదు. ఒక్కో ఆర్డర్‌కి ముందే ఒక నంబర్ ఇచ్చి, అదే నంబర్‌తో రెండోది వస్తే సర్వర్ పట్టించుకోకుండా ఉండాలి. నెట్ పోతే "నెట్ లేదు, మీరు రాసినవి అలాగే ఉన్నాయి, సిగ్నల్ వచ్చాక మళ్ళీ నొక్కండి" అని చెప్పండి. ఊరికే తిరిగే చక్రం చూపిస్తే జనం వెంటనే మూసేస్తారు.

గూగుల్ మూడు కొలతలు పెట్టింది. తెర మీద పెద్ద భాగం 2.5 సెకన్లలో కనబడాలి, నొక్కుకి స్పందన 200 మిల్లీసెకన్లు దాటకూడదు, పేజీ అటూఇటూ గెంతే లెక్క 0.1 దాటకూడదు. మూడోది మనం తేలిగ్గా తీసుకుంటాం. బొమ్మలకి వెడల్పూ ఎత్తూ ముందే రాసిపెట్టకపోతే, రేటు మీద వేలు పెట్టబోయేలోపు పైన ఫొటో వచ్చి అంతా కిందికి జారి, వేలు వేరే చోట పడుతుంది. ఫొటోల బరువు దించడం వేరే చెప్పక్కర్లేదు. కడియం నర్సరీ మొక్కల ఫొటోలు యాభై ఉన్న ఒక పేజీలో, కెమెరా నుంచి దించినవి దించినట్టే పెట్టి, సైట్ స్లోగా ఉందని హోస్టింగ్ మార్చినవాళ్ళని చూశాను. వెడల్పు తగ్గించి, తేలికైన ఫొటో ఫార్మాట్ అయిన వెబ్‌పీలోకి మార్చి, కింద ఉన్నవాటిని స్క్రోల్ చేసినప్పుడే దించేలా పెడితే ఖర్చు లేకుండా పనైపోయేది.

8. చకచకా చూసుకునేవి

ఒకే పని చేసే బటన్ అన్ని పేజీల్లోనూ ఒకే పేరుతో, ఒకే చోట. లింకు లింకులా కనబడాలి. వెనక్కి బటన్ వెనక్కే తీసుకెళ్ళాలి. కీబోర్డ్ ట్యాబ్‌తో పేజీ చివరిదాకా ఒకసారి నడవండి, ఎక్కడున్నారో కనబడుతోందా చూడండి. ప్రతి ఫొటోకి వెనక మాటల్లో వివరణ రాయండి, "ఫొటో 3" అని మాత్రం రాయొద్దు. ఫోన్లో అక్షరాల సైజు పూర్తిగా పెంచి చూడండి, "రాజమహేంద్రవరం" బటన్‌లోంచి బయటికొచ్చిందంటే రెండు వరసలుగా విరగనివ్వండి.

9. ఐదుగురితో పరీక్ష

పెద్ద సర్వేలక్కర్లేదు. ఐదుగురి చేత వాడించి చూస్తే పెద్ద లోపాలు చాలావరకు బయటపడతాయని నీల్సనే 2000లో రాశారు. అయితే ఆ ఐదుగురు మీ ఆఫీసు కుర్రాళ్ళు కాకూడదు. సొంత ఫోన్ ఇవ్వకండి, వాళ్ళ ఫోన్లోనే తెరిపించండి. "ఈ పేజీ ఎలా ఉంది?" అనకుండా పని చెప్పండి: "హైదరాబాద్‌లో మీ అమ్మాయికి రెండు పెట్టెలు బెల్లంవి పంపించండి, పిన్నిగారూ." ఇక నోరు మూసుకోండి. కష్టమైనది ఇదే. ఆవిడ తప్పు చోట వేలు పెడుతుంటే మన చెయ్యి లాగుతుంది, అక్కడ కాదండీ అని నోటిదాకా వస్తుంది. ఆగి, ఎక్కడ ఆగారో, ఏం గొణుక్కున్నారో రాసుకోండి. ఇద్దరు ఒకే చోట ఆగిపోతే మూడోవాళ్ళ కోసం చూడక్కర్లేదు. బాగుచేసి, మిగతా ముగ్గురికీ కొత్తది చూపించండి.

రొయ్యల పేజీ మళ్ళీ చేశాక దాన్ని పట్టుకుని ఉండి ఊరి చెరువు గట్టుకే వెళ్ళాను. అదే ఎండ, అదే రైతు. పైన ఇవాళ్టి తేదీ, టైము. కింద 30 నుంచి 100 దాకా కౌంట్లు, ఎదురుగా కిలో రేటు, నల్లటి లావుపాటి అంకెలు. ఆయన ఒక చూపు చూసి ఫోన్ జేబులో పెట్టేశారు. తువ్వాలు భుజం మీదే ఉంది. నాకు ఏనుగెక్కినంత పనైంది. రెండు నిమిషాలాగి మళ్ళీ ఫోన్ తీసి, వ్యాపారికి కలిపారు.

"రేటు చూశానండి. ఐసు ఖర్చు మీదా, మాదా?"

ఆ సాయంత్రమే రేట్ల కింద ఇంకో వరస చేర్చాను.